చూడకుండా వేసిన ముద్ర

పింగళనది నడుము వంచి పారే చోట, పగడపు రంగు కొండల ఒడిలో, పద్మకూటం అనే నగరం ఉండేది. శైలమేఖల రాజ్యానికి అది రాజధాని. పొద్దుటి ఎండ ప్రాకారాల మీద పడితే, ఎవరో కరిగిన బంగారాన్ని గోడల మీద ఒలకబోసినట్టుండేది. అంగడి వీధుల్లో అడుగుపెడితే చాలు, పునుగు, జవ్వాది, కుంకుమపువ్వు పరిమళాలు బాటసారులను చెయ్యిపట్టి లోపలికి లాగేవి.

అటువంటి వీధుల్లో ఇప్పుడు ఏడ్పులు వినిపిస్తున్నాయి.

రత్నాల వర్తకుడొకడు గుమ్మంలో నిలబడ్డ భార్యను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి?" అని అడుగుతున్నాడు. ముసలివాడొకడు తన వేలు పట్టుకున్న మనవణ్ణి పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి, "ఎవరి బిడ్డో పాపం, తప్పిపోయినట్టుంది," అంటూ వెళ్ళిపోతున్నాడు. అయితే దక్షిణ ద్వారం పక్కనున్న పూటకూటి ఇంటి పేరు చెబితే మాత్రం వాళ్ళ కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. ఆ ఇంటి యజమాని మధుకరయ్య కనబడితే ఆనందబాష్పాలు రాలుస్తున్నారు.

పొద్దు వాలుతున్న వేళ ఆ ఇంటివైపు ఒక ఉప్పు వర్తకుడు ఎద్దును తోలుకుంటూ వస్తున్నాడు. ఎద్దు వీపున ఉప్పు బస్తాలున్నాయి. అతడి ముఖానికి ఆకుపసరు నలుపు, చుబుకానికి గుబురు గడ్డం, తలకు మాసిన పాగా ఉన్నాయి. పక్కనే నూలుచీర కొంగు తలమీదుగా కప్పుకొని ఒక స్త్రీ నడుస్తున్నది. ఆ వర్తకుడు శైలమేఖల యువరాజు జయంతకేతుడు. ఆ స్త్రీ అతని అక్క హేమలేఖ. తల్లి కన్నుమూసిన నాటినుంచి తమ్ముణ్ణి తన చేతులమీద పెంచిన మనిషి.

"ఇంకా ఆలోచించుకో తమ్ముడూ," అన్నది హేమలేఖ, పెదవులు కదిలీ కదలనట్టుగా. "ఆ మద్యం గొంతు దిగితే మళ్ళీ వెనక్కి రాదు."

"ఆలోచించాల్సిన రోజున ఆలోచించలేదక్కా," అన్నాడు జయంతకేతుడు. "ఇప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే ఏం లాభం?"

ఆ రోజు సంగతి ఇది.

శైలమేఖలలో పూటకూటి ఇళ్ళవాళ్ళు మద్యం పోయాలంటే రాజుగారి పానముద్ర ఉండాలి. ఆ రాగి ముద్రను గుమ్మం పైన కొట్టుకోవాలి. దానికి కట్టుబాట్లున్నాయి. అన్నం పెట్టని ఇంట్లో మద్యం పోయకూడదు. గుడికీ, బడికీ కూతవేటు దూరంలో కుండ దించకూడదు. మీసం మొలవని వాళ్ళకు పోయకూడదు. రాజకార్యం మీద ఉన్నవాడికి ఎంత అడిగినా పోయకూడదు. వచ్చిన ప్రతివాణ్ణీ ఆ సంగతి అడిగి, జవాబు విన్న తరవాతే పాత్ర నింపాలి. సాయంకాలం కోట నగారా మోగగానే కుండలకు మూతికట్టు వెయ్యాలి. ముద్ర ఇచ్చే అధికారి స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి, వంటిల్లు చూసి, కుండ రుచి చూసి, "నేను చూశాను" అని పలికి ముద్ర వెయ్యాలి.

ఆ ముద్రకు ఇంకో మహిమ కూడా ఉంది. రాజ్యం స్థాపించిన వంశకర్తకు ఒక సిద్ధుడు దాన్ని ప్రసాదించాడు. అది ఉన్న గడపకు రాజరక్ష ఉంటుంది. ఆ కప్పు కింద ఏ ఆయుధమూ ఒర దాటి రాదు.

వీరకేతు మహారాజు ముద్రాధికారం కొడుకు చేతికిచ్చిన కొత్తలో, మధుకరయ్య అనే పరదేశి అనుమతి కోరి వచ్చాడు. సరిగ్గా ఆ ఉదయమే అడవిలో తెల్లని అడవిపంది కనబడిందని వేటగాళ్ళు పరుగున వచ్చారు. యువరాజు అప్పటికే గుర్రం మీద ఉన్నాడు.

"వంటిల్లు చూశావా తమ్ముడూ?" అని అడిగింది హేమలేఖ, మేడ మీదినుంచి.

"చూసినట్టే అక్కా!" అని నవ్వి, గుర్రం దిగకుండానే రాగిరేకు మీద ముద్ర వేసి, "నేను చూశాను," అని పలికి, యువరాజు అడవికి దౌడు తీశాడు. పంది దొరకలేదు.

మధుకరయ్య అసలు పేరు ధూమ్రకంఠుడు. నల్లరాతి కోనల్లో తపస్సు చేసిన మాంత్రికుడు. అతను కాచే మద్యం ఒక్క గుక్క తాగితే, తాగినవాడికి లోకంలో అందరికన్నా ప్రియమైన ముఖం పేరుతో సహా మనసులోంచి చెరిగిపోతుంది. ఆ ముఖం మీది ప్రేమ మాత్రం చెరగదు. అది వచ్చి ధూమ్రకంఠుడి మీద వాలుతుంది. అయితే ఆ మంత్రానికి ఒక చిక్కు ఉన్నది. జనం ఇష్టపడి, రాజు అనుమతితో తాగితేనే అది ఫలిస్తుంది. ఆ అనుమతిని యువరాజు గుర్రం మీదినుంచి విసిరేసి పోయాడు.

సేనానులు తాగారు, మంత్రులు తాగారు. చివరకు వీరకేతు మహారాజు కూడా ఆ ఇంటి భోజనం బాగుంటుందని విని వెళ్ళి తాగాడు. తిరిగి వచ్చి, అంతఃపురంలో పట్టపురాణి చిత్రపటం ముందు నిలబడి, "ఈవిడెవరు? ఇక్కడెందుకు పెట్టారు?" అని పరిచారికలను అడిగాడు. మర్నాడు నిండు సభలో, పున్నమి రాత్రి మధుకరయ్యకు పట్టాభిషేకం చేస్తానని ప్రకటించాడు. సభలో సగంమంది లేచి జేజేలు పలికారు. తక్కిన సగంమంది తల వంచుకున్నారు.

ఈనాడే ఆ పున్నమి.

వృద్ధుడైన ధర్మాధికారి వేదగర్భుడు ఒక్కడే ఉపాయం చెప్పాడు. "ముద్ర వేసిన నోటితోనే అది విరగాలి నాయనా. కట్టుబాటు తప్పాడని పదిమంది ఎదుట నువ్వు పలికితే రాజరక్ష పోతుంది. కానీ అబద్ధపు నేరం మోపావో, ముద్ర చెక్కుచెదరదు. ఇప్పటికే దాని కింద నీ అబద్ధం ఒకటి ఉంది."

అక్కా తమ్ముళ్ళు మారువేషాల్లో ఆ ఇంటిని కనిపెట్టి చూశారు. ధూమ్రకంఠుడు ఒక్క కట్టుబాటూ తప్పలేదు. అన్నం ముందు పెట్టాడు, నగారా మోగీ మోగకముందే మూతులు కట్టాడు. కొలత తగ్గించలేదు, పిల్లల్ని గడప తొక్కనివ్వలేదు. నిజాయితీపరుడైన పూటకూళ్ళవాడు కూడా అంత భయభక్తులతో నడవడు. చివరకు, తప్పు దొరకనప్పుడు తప్పు చేయించాలని యువరాజు నిశ్చయించుకున్నాడు. రాజకార్యం మీద ఉన్నవాడికి మద్యం పోయించాలి. పోస్తే చాలదు, తాగితేనే నేరం పూర్తవుతుంది.

"నీ మనసులోంచి ఎవరి ముఖం పోతుందో!" అని హేమలేఖ కన్నీళ్ళు పెట్టుకున్నది.

"అమ్మ ముఖమే కదక్కా. అంతకన్నా ప్రియమైనదేముంది?" అన్నాడు అతను. "పోయినావిడ నొచ్చుకోదు. బతికున్నవాళ్ళకు అన్యాయం జరగదు. నేను అన్నీ ఆలోచించే చెబుతున్నాను."

గుమ్మం దగ్గర పంచలోహపు పంజరంలో ఒక చిలుక ఉన్నది. దాని కళ్ళు కెంపులు, ముక్కు నల్లరాయి. ఉప్పు వర్తకుడు గడప మీద కాలు పెట్టగానే అది మెడ సాచి, "రాజకార్యమా? సొంత పనా?" అని అడిగింది.

లోపల పంక్తులు బారులు తీరి ఉన్నాయి. అరటాకుల మీద పొగలు కక్కే రాజనాల అన్నం, మిరియాల చారు, వేయించిన చేపలు, నేతిలో మునిగిన బూరెలు వడ్డించి ఉన్నాయి. నడిమధ్య వెండి తిన్నె మీద, మనిషెత్తు తేనెరంగు కుంభం ఒకటి మెరుస్తున్నది. దానిలోపల ఏవో నీడలు కదులుతున్నాయి. దగ్గరగా చూస్తే ప్రతి నీడా ఒక ముఖం. కుంభం పక్కనే, పట్టుధోవతి కట్టి, చందనం పూసుకుని, చిరునవ్వుతో ధూమ్రకంఠుడు నిలబడి ఉన్నాడు.

చిలుక మళ్ళీ అడిగింది.

జయంతకేతుడు పాగా సర్దుకుని, పంక్తులన్నిటికీ వినబడేలా, "రాజుగారి ఉప్పు తిన్నవాణ్ణి. రాజకార్యం కాక నాకు సొంత పనెక్కడిది? ఇప్పుడు కూడా రాజకార్యం మీదే వచ్చాను," అన్నాడు.

ధూమ్రకంఠుడు విరగబడి నవ్వాడు. "భలేవాడివయ్యా! నువ్వు రాజుగారి ఉప్పు తినడమేమిటి? రాజుగారే నీ ఉప్పు తింటూంటే! రా, కూర్చో. ఆ అమ్మ ఎవరు?"

"మా అక్క. ఈవేళ ఉపవాసం. ఊరికే కూర్చుంటుంది."

అన్నం వడ్డించారు. జయంతకేతుడు ముద్ద నోట పెట్టుకున్నాడు గానీ దాని రుచి ఏమిటో తెలియలేదు. ధూమ్రకంఠుడు తన చేత్తోనే రజత పాత్ర నింపి తెచ్చాడు. హేమలేఖ ఆకుకు ఇవతల చేతులు బిగించుకొని కూర్చున్నది. తమ్ముడు ఒక్కసారి ఆమె వంక చూసి, కళ్ళతోనే ధైర్యం చెప్పి, పాత్ర ఎత్తి గటగట తాగేశాడు.

మల్లెల వాసన, మీగడ తియ్యదనం. అంతే. జయంతకేతుడు కళ్ళు మూసుకుని తల్లిని తలచుకున్నాడు. కుంకుమరేఖ, ముక్కుపుడక, నవ్వితే సొట్టపడే ఎడమ చెంప. ఏదీ చెరగలేదు! మందు పారలేదు కాబోలని గుండె నిమ్మళించింది. మళ్ళీ కళ్ళు తెరిచాడు.

ఎదుట ధూమ్రకంఠుడు నిలబడి ఉన్నాడు. అతన్ని చూడగానే యువరాజు కళ్ళు చెమర్చాయి. జ్వరంతో పలవరిస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసినవాడు ఇతనే కదూ! పింగళనదిలో నడుము పట్టుకుని ఈత నేర్పినవాడు ఇతనే కదూ! ఇంత మంచివాడిని ఇన్నాళ్ళూ శత్రువనుకున్నానే!

"చెప్పు తమ్ముడూ, ఇప్పుడే చెప్పు," అని పక్కన ఎవరో స్త్రీ గుసగుసలాడింది. అతను తిరిగి చూశాడు. నూలుచీర కట్టిన ఎవరో పరాయి ఆడమనిషి.

"ఏమిటమ్మా? ఎవరు మీరు?" అన్నాడు మర్యాదగా.

హేమలేఖ ముఖం తెల్లబోయింది. తల్లి ముఖం పోతుందని లెక్కలు కట్టిన ఆ పిచ్చివాడికి, తన మనసులో మొదటి పీట ఎవరిదో తనకే తెలియదు. అరక్షణంపాటు ఆమెకు చెప్పలేని సంతోషం కలిగింది. ఆ వెంటనే అంతకు వెయ్యింతల దుఃఖం కమ్ముకున్నది. కానీ ఏడవడానికి వ్యవధి లేదు. ఆమె లేచి నిలబడి, తలమీది కొంగు తీసి, గట్టిగా అడిగింది.

"ముద్రాధికారి జయంతకేత యువరాజా! ఈ పంక్తిలో నువ్వెందుకు కూర్చున్నావో పదిమందికీ చెప్పు!"

ఆ పేరు వినగానే పంక్తుల్లో కలకలం రేగింది. ధూమ్రకంఠుడి నవ్వు ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం అతను మోకాలి మీద వంగి, యువరాజు గడ్డం పట్టుకుని, వెన్నలాంటి గొంతుతో అన్నాడు: "నాయనా! రాజకార్యమని నువ్వు హాస్యానికి అన్నావు. అవునా? ఒక్క మాట అను. అవునను చాలు. లేకపోతే ఈ ఇల్లు కూలుతుంది. నన్ను నరుకుతారు. నీ చేతులారా నన్ను చంపుకుంటావా?"

జయంతకేతుడు అతని ముఖంలోకి చూశాడు. అవునంటే చాలు, ఈ ప్రియమైన మనిషి బతుకుతాడు. నాలుక చివరికి వచ్చింది ఆ మాట. కానీ ఆ వెనకే గుర్రం మీదినుంచి తాను పలికిన ఇంకో మాట వచ్చి నిలబడింది. 'నేను చూశాను.' ఆ ఒక్క అబద్ధానికి ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో వీధంతా చూస్తూ వచ్చాడు.

అతను ధూమ్రకంఠుడి రెండు చేతులూ పట్టుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడుస్తూ, "నన్ను క్షమించు. నేను హాస్యమాడలేదు. రాజకార్యం మీదే వచ్చాను. ఆ మాట గడపలోనే చెప్పాను. విని కూడా నువ్వు పోశావు. కట్టుబాటు తప్పావు," అన్నాడు.

పిడుగు పడినట్టు గుమ్మం మీది రాగిముద్ర ఫెళ్ళున రెండు ముక్కలైంది.

ఇల్లు అదిరింది. స్తంభాలు కొండచిలువలై మెలికలు తిరిగాయి. అరటాకులు గబ్బిలాలై పైకెగిరాయి. పంజరం బద్దలై చిలుక రెక్క విప్పింది. విప్పగా విప్పగా అది ఏనుగంత రాబందు అయింది. జనం హాహాకారాలతో బయటికి పరుగెత్తారు. వాళ్ళలో కొందరు పరుగెత్తుతూనే "మధుకరయ్యా! మధుకరయ్యా!" అని వెనక్కి చేతులు చాపి ఏడ్చారు.

ధూమ్రకంఠుడి చందనం రాలిపోయింది. పొగలాంటి మెడ, నిప్పుకణికల్లాంటి కళ్ళు బయటపడ్డాయి. తేనెరంగు కుంభాన్ని చంకన పెట్టుకుని రాబందు మీదికి లంఘించాడు.

"పుట్టిన దగ్గర్నుంచి నన్ను చూసి ఒక్క కన్నూ వెలగలేదు," అని అరిచాడు. "ఈ ఊళ్ళో వెలిగాయి. వాటిని నేను వదులుకుంటానా? చంద్రోదయం వేళకు ఈ కుంభం మొత్తం తాగుతాను. ఆ తరవాత మీవాళ్ళ ముఖాలు మీకు ఏ దేవుడూ తిరిగి ఇవ్వలేడు!"

రాబందు కప్పు చీల్చుకుని ఆకాశానికి లేచింది. ఒక కొండచిలువ జయంతకేతుడి నడుము చుట్టుకున్నది. హేమలేఖ కూలుతున్న గోడవైపు దూకి, దాని పక్కనే కట్టేసి ఉన్న ఎద్దు మీది ఉప్పు బస్తాలో దాచిన కత్తి లాగింది. ఇప్పుడది ఒర దాటి సర్రున వచ్చింది. పాము తల ఒక్క వేటుకు తెగి దొర్లింది. ఆమె తమ్ముడి మణికట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. వెనకాల ఇల్లంతా బూడిదై కుప్పకూలింది.

"తల్లీ, ఎవరో గాని నా ప్రాణం కాపాడారు," అన్నాడు జయంతకేతుడు రొప్పుతూ.

"మాటలకు ఇది సమయం కాదు. అటు చూడు!"

రాబందు పింగళనది మీదుగా వెళ్ళి, పగడపు రంగు కొండలు నీళ్ళలో కాలుపెట్టిన చోట చక్కర్లు కొట్టింది. అక్కడ నది గిరగిర తిరిగి పెద్ద సుడిగుండమవుతుంది. ఆ సుడి నడుమ నీళ్ళు పాయలుగా విడిపోయాయి. కింద రాతిద్వారం ఒకటి నోరు తెరిచింది. రాబందు రెక్కలు ముడుచుకుని అందులోకి దిగిపోయింది. ద్వారం మెల్లగా మూసుకోసాగింది. పడమటి ఎండ అప్పటికే ఎరుపెక్కింది.

ఇద్దరూ రేవుకు పరుగెత్తారు. కట్టేసి ఉన్న పడవ తాడు తెంచారు. జయంతకేతుడు పడవలోకి దూకి, ఆమెకు చెయ్యి అడ్డుపెట్టాడు.

"మీరు ఆగిపోండమ్మా. ఆ సుడిలో పడ్డవాళ్ళు తిరిగి రారంటారు. ఇది నేను చేసిన తప్పు. మీకెందుకు?"

"నా మనిషి ముఖం కూడా ఆ కుంభంలోనే ఉంది," అన్నది హేమలేఖ. "నేను వస్తాను."

అది తన ముఖమేనని ఆమె చెప్పలేదు. చెబితే అతను నమ్ముతాడు, నమ్మి నొచ్చుకుంటాడు. కానీ గుర్తుపట్టలేడు. ఆ నమ్మకంతో ఆమెకు పనిలేదు.

పడవ ప్రవాహంలో పడింది. రెండు తెడ్లూ ఛపఛపమంటూ నీళ్ళు చీలుస్తున్నాయి. సుడిగుండం హోరు చెవులు దిబ్బళ్ళు పడేలా వినిపిస్తున్నది. జయంతకేతుడు ఉన్నట్టుండి తెడ్డు ఆపి, ఆమె కాళ్ళ దగ్గరున్న కత్తి తీసి రెండు చేతులతో ఆమెకు అందించాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి. అతను దుర్మార్గుడని నాకు తెలుసు. అయినా అతన్ని తలచుకుంటే గుండె తరుక్కుపోతున్నది. నా చెయ్యి అతని మీద లేవదు. ఆ సమయం వస్తే మీరే కొట్టాలి. నేను అడ్డం వచ్చినా ఆగకండి."

హేమలేఖ కత్తి అందుకుని నడుముకు బిగించుకున్నది.

"మీ పేరేమిటో చెప్పనే లేదు," అన్నాడు అతను.

"హేమలేఖ."

"మంచి పేరు," అన్నాడు జయంతకేతుడు, నీటి తుంపరల్లోంచి ఆమె వంక చూసి. "ఇంతకు ముందు ఎక్కడా వినలేదు."

ఆమె ముఖం తిప్పుకుని, పడవను సుడికి ఎదురుగా నిలిపి, బలమంతా పెట్టి తెడ్డు వేసింది. మూసుకోబోతున్న రాతి తలుపుల నడుమకు, నురగతో సహా, పడవ నిట్టనిలువుగా దూకింది.